తేదీ చదవకుండా ధర అడగొద్దు

ఇస్లామీ కాలమానమైన హిజ్రీ 1329లో హైదరాబాద్ టంకశాల ఇద్దరు నిజాంల రూపాయలు కొట్టింది. ఆ ఏడాది, అంటే 1911 ఆగస్టు చివర్లో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. రూపాయి మీద చార్మినార్ అలాగే ఉంది, 1329 అన్న అంకెలూ అవే. తండ్రి రూపాయి ఏది, కొడుకు రూపాయి ఏది అని తేల్చేది చార్మినార్ గుమ్మంలో కూర్చున్న ఒక్క చిన్న అక్షరం. ఉర్దూ లిపిలో మహబూబ్ పేరు మొదటి అక్షరం మీమ్, ఉస్మాన్ పేరు మొదటి అక్షరం ఐన్. వెనకవైపు పాలనా సంవత్సరం కూడా మారుతుంది కానీ ముందు చూడాల్సింది గుమ్మమే.

అక్కడితో అయిపోలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయల్లో ఐన్ సగమే ఉంటుంది. కుడివైపు తెరుచుకున్న చిన్న కొక్కెంలా తల మాత్రం కనిపిస్తుంది, కింది వంపు ఉండదు. 1329, 1330 తేదీలున్న రూపాయల్లో ఈ సగం ఐన్ వస్తుంది. 1330లోనే పూర్తి ఐన్ కూడా మొదలైంది. తల కింద పెద్ద వంపు దిగి గుమ్మం నిండుగా కనిపిస్తుంది. అంటే 1330 అని స్పష్టంగా చదవగలిగినా ఆ రూపాయిని గుర్తుపట్టినట్టు కాదు. తేదీ ఒకటే, రకాలు రెండు.

చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత బిళ్ళలు పరుచుకుని కూర్చునే ఒక చాచా దగ్గర ఈ విషయం మొదటిసారి విన్నాను. నేను భూతద్దం పెట్టి అంకెలు చూస్తుంటే ఆయన వేలితో గుమ్మం చూపించి, "ముందల దర్వాజ సూడు బేటా, తారీఖ్ తర్వాత సూడొచ్చు" అన్నాడు. పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదివితే దొరికే పద్ధతిని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. తేదీని ఒంటరిగా చదవకూడదు. దాని పక్కన కదలకుండా ఉన్న మరో గుర్తుతో కలిపి చదవాలి.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ చదవడం అనే పని మన దగ్గర దాదాపు ఎవరూ చేయడం లేదు. పాత నాణెం చేతికి రాగానే "ఎంతొస్తది?" అన్న ప్రశ్నే ముందు వస్తుంది. ఫోన్ తెరిస్తే చాలు, ఈ రూపాయికి పది లక్షలు, ఆ పావలాకు కారు అంటూ వీడియోలు. అమ్ముకుందామని వెళితే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, తర్వాత పన్ను అంటారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని మరీ ఇలాంటి మోసాలు జరుగుతుంటే 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పాత నాణేల లావాదేవీల్లో తాము తలదూర్చమనీ, ఎవరి దగ్గరా రుసుము వసూలు చేయమనీ చెప్పింది. నాణెం మీద తేదీని, దాని కింది గుర్తును చదవడం వచ్చినవాడు ఆ వీడియోలకు పడడు. ఎందుకంటే చూపిస్తున్న నాణెం కోట్ల సంఖ్యలో కొట్టిన మామూలు బిళ్ళ అని అతనికి చూడగానే తెలిసిపోతుంది.

మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేసి, "మామా, నాకు 1985 రూపాయి దొరికింది. కింద హెచ్ అని ఉంది. హైదరాబాద్ కదా! మన హైదరాబాద్‌ది అరుదంట, వీడియోలో చెప్పిండు" అన్నాడు. గొంతులో సంబరం. "ఒరేయ్, అది హైదరాబాద్ హెచ్ కాదురా, ఇంగ్లాండ్‌లో బర్మింగ్‌హామ్‌ది" అంటే కాసేపు నమ్మలేదు. 1980లలో చిల్లర కరువు వచ్చినప్పుడు మన ప్రభుత్వం కొన్ని నాణేలను విదేశాల్లో కొట్టించింది. బర్మింగ్‌హామ్‌లో హీటన్ కుటుంబం పెట్టిన టంకశాల తన నాణేల మీద హెచ్ అని వేసుకునేది. ఆ హెచ్ బ్రిటిష్ సామ్రాజ్యంలో ఎన్నో దేశాల నాణేల మీద కనిపిస్తుంది. మన హైదరాబాద్ టంకశాల గుర్తు ఐదు కోణాల నక్షత్రం, తేదీ కింద. అంతకుముందు నిలువుగా చీలిన వజ్రం, మధ్యలో చుక్క ఉన్న వజ్రం కూడా వాడింది. ముంబైది వజ్రం, నోయిడాది చుక్క. కోల్‌కతాకు గుర్తే లేదు.

నక్షత్రంలోనూ చిక్కు ఉంది. దక్షిణ కొరియాలో కొట్టించిన నాణేల మీదా నక్షత్రమే ఉంటుంది. అయితే అది తేదీలో మొదటి అంకె కిందో చివరి అంకె కిందో ఉంటుంది. హైదరాబాద్ నక్షత్రం తేదీ కింద నడిమధ్యకు వస్తుంది. కాబట్టి "నక్షత్రం ఉందా?" అని అడిగితే చాలదు, "ఏ అంకె కింద ఉంది?" అని అడగాలి. గుర్తు ఒకటే, నిలబడ్డ చోటును బట్టి దేశమే మారిపోతోంది. చాచా చెప్పిన దర్వాజ సూత్రం ఇక్కడా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు వాదన. సేకరించేవాళ్ళ మధ్య "పెద్ద తేదీ", "చిన్న తేదీ" అన్న మాటలు విపరీతంగా తిరుగుతాయి. అమెరికా ఒక సెంటు నాణేల విషయంలో ఇవి బాగా వినిపిస్తాయి. 1960 సెంటులో పెద్ద తేదీ, చిన్న తేదీ అని రెండు రకాలు. 1970లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన సెంటులోనూ అంతే. 1982లో మళ్ళీ అంతే. పేర్లు వింటే ఎవరికైనా స్కేలు పెట్టి అంకె ఎత్తు కొలవాలనిపిస్తుంది. అలా కొలిస్తే ఏమీ తేలదు. ఒక నాణెం చేతిలో ఉన్నప్పుడు దాని మీది తేదీ పెద్దదో చిన్నదో ఎవరూ చెప్పలేరు, దేనితో పోల్చాలో ఎదురుగా లేదు కాబట్టి. ఈ పేర్లే కొత్తవాళ్ళను తప్పుదారి పట్టిస్తున్నాయని నా గట్టి అభిప్రాయం.

1960 సెంటు తీసుకోండి. చిన్న తేదీ రకంలో 1 పైకొస, 9 పైకొస ఒకే గీత మీద ఉంటాయి. 6 తోక పొట్టిగా ఆగిపోతుంది. పెద్ద తేదీ రకంలో 1 కాస్త కిందికి దిగి ఉంటుంది, 6 తోక పొడుగ్గా పైకి సాగుతుంది. ఇక 1970 సెంటులో చూడాల్సింది 7 ఒక్కటే. అది పక్క అంకెలతో సమానంగా పైకి ఉంటే చిన్న తేదీ, కాస్త కిందికి దిగి ఉంటే పెద్ద తేదీ. అందుకే కొందరు దీన్ని "ఎత్తు ఏడు", "దిగువ ఏడు" అంటారు. ఆ పేరు ఎంత హాయిగా ఉందో చూడండి! పేరులోనే ఎక్కడ చూడాలో ఉంది. ఎవరినీ అడగక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. ఒక సన్నని కాగితం అంచును అంకెల తలల మీదుగా ఆనించి చూస్తే విషయం తేలిపోతుంది.

అమెరికా నాణేల్లోనే ఇంకో ముచ్చట ఉంది. తేదీ రకాలన్నీ వ్యాపారులు కల్పించినవే అనేవాళ్ళకు నేను దీన్నే చెబుతాను. 1873 జనవరిలో ఫిలడెల్ఫియా టంకశాలలో నాణేలు కొట్టే విభాగానికి అధిపతిగా ఉన్న ఆర్చిబాల్డ్ లౌడన్ స్నోడెన్ పైఅధికారికి ఫిర్యాదు రాశాడు. కొత్త తేదీలో 3 కొసల బొడిపెలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే అది 8లా కనిపిస్తోందని ఆయన అభ్యంతరం. దాంతో 3ను విప్పి కొత్త అచ్చులు, అంటే నాణెం మీద బొమ్మా అంకెలూ దించే దిమ్మెలు, చేశారు. అందుకే 1873 నాణేల్లో మూసిన 3, తెరిచిన 3 అని రెండు రకాలు మిగిలాయి. ఒక ఉద్యోగి కళ్ళు చిట్లించి చూసి, జనం పొరబడతారని కలవరపడి కలం పట్టాడు. నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ కలవరం నాణెం మీద చదవగలుగుతున్నాం. దీన్ని కల్పన అంటే నేను ఒప్పుకోను.

అయితే ఎదుటివాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. సేకరణ పేరుతో ప్రతి గీతకూ ఒక పేరు పెట్టి, ప్రతి పేరుకూ ఒక ధర పెట్టే ధోరణి నిజంగానే ఉంది. అబిడ్స్‌లో, కోఠిలో పాత నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర నిలబడితే "డబుల్ డేట్ సార్, శానా రేర్" అన్న మాట తరచూ వినిపిస్తుంది. భూతద్దంతో చూస్తే ఆ డబుల్ చాలాసార్లు కొట్టేటప్పుడు అచ్చు అదిరి పక్కకు జారిన గుర్తు. అంకె పక్కన బల్లపరుపుగా, మెట్టులా ఒక నీడ ఉంటుంది, అసలు అంకె ఆ మేరకు సన్నబడి ఉంటుంది. అచ్చు మీదే అంకె రెండుసార్లు పడ్డ అసలైన జంట అచ్చులో అలా ఉండదు. రెండు ముద్రలూ గుండ్రంగా, నిండుగా లేస్తాయి, అంకె కొసల దగ్గర చీలిక కనిపిస్తుంది. మొదటిది కొట్టే యంత్రం తాత్కాలికంగా చేసిన అల్లరి, ఆ తర్వాతి నాణెం మీద ఉండకపోవచ్చు. రెండోది అచ్చులోనే ఉన్న లక్షణం, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట, అదే తీరులో ఉంటుంది.

నేను గీసుకున్న గీత ఇదే. తేడా అచ్చులో పుట్టిందా, నాణెం పుట్టాక దానికి జరిగిందా? అచ్చులో పుడితే అది రకం. ఎవరో ఒక మనిషి టంకశాలలో కూర్చుని చేసిన పని, లేదా చేసిన పొరపాటు. అది వందల, వేల నాణేల మీద ఒకేలా కనబడాలి. నాణెం పుట్టాక జరిగితే అది దెబ్బ, అరుగుదల, మురికి, గీత. దానికి కథ ఉండొచ్చు కానీ అది రకం కాదు. ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఫుట్‌పాత్ మీది "రేర్"లలో చాలావరకు అక్కడికక్కడే రాలిపోతాయి.

ఈ ప్రశ్న అడగడం నేర్చుకోవడానికి హైదరాబాద్‌ను మించిన ఊరు లేదని నేను నమ్ముతాను. నిజాం నాణేలు మనల్ని కూర్చోబెట్టి చదివిస్తాయి. ముందు అంకెలు. అవి పర్షియన్ అంకెలు, ఎడమ నుంచి కుడికే చదవాలి. ఒకటి నిలువు గీత. రెండుకు గీత పైన ఒక వంపు, మూడుకు రెండు వంపులు. ఏడు గరాటులా పైకి తెరుచుకుంటుంది, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు ఉంటుంది. కాబట్టి నాణెం తలకిందులుగా పట్టుకుంటే ఏడు ఎనిమిదవుతుంది, ఎనిమిది ఏడవుతుంది. చార్మినార్ నిటారుగా ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టాలి. సున్నా ఒట్టి చుక్క. అరిగిన నాణెంలో అది మాయమవుతుంది, మురికి నాణెంలో లేని చోట పుట్టుకొస్తుంది.

కొత్తగా చూసేవాళ్ళను బాగా ఇబ్బంది పెట్టేది 92. నిజాం నాణేల మీద నిజాం ఉల్ ముల్క్ ఆసఫ్ జా బహదూర్ అన్న బిరుదుతో పాటు 92 అన్న సంఖ్య ఉంటుంది. దాన్ని సంవత్సరం అనుకుని లెక్కలు వేసి తలపట్టుకునేవాళ్ళు ఉన్నారు. అది తేదీ కానే కాదు. అరబ్బీ అక్షరాలకు సంఖ్యల విలువలు ఇచ్చే అబ్జద్ పద్ధతిలో ముహమ్మద్ అన్న పేరు మొత్తం అది. మీమ్‌కు 40, హేకు 8, మళ్ళీ మీమ్‌కు 40, దాల్‌కు 4. కూడితే 92. 1857 తర్వాత ఢిల్లీ మొఘల్ చక్రవర్తి పేరు వేసే అవసరం పోయింది. ఆ చోటికి నిజాం బిరుదూ, ఈ 92 వచ్చాయి. తేదీ అనుకున్న అంకె ఒక సామ్రాజ్యం ముగిసిందని చెబుతోందన్నమాట. ఇది తెలిసిన రోజున నేను నా దగ్గరున్న చిన్న చిన్న రాగి బిళ్ళలన్నీ మళ్ళీ తీసి చూసుకున్నాను.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం, రెండు తేదీల లెక్క. చార్మినార్ రూపాయి మీద ఒకవైపు హిజ్రీ సంవత్సరం, రెండోవైపు నిజాం గద్దెనెక్కి ఎన్నో ఏడాదో చెప్పే పాలనా సంవత్సరం ఉంటాయి. హిజ్రీ సంవత్సరం మొహర్రంతో మారుతుంది. పాలనా సంవత్సరం గద్దెనెక్కిన తిథి నాడు మారుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1329 రంజాన్ నెలలో. కాబట్టి ఆయన మొదటి పాలనా సంవత్సరం 1329 రంజాన్ నుంచి 1330 రంజాన్ దాకా. ఆయన నాణెం ఏది తీసుకున్నా హిజ్రీ సంవత్సరంలోంచి పాలనా సంవత్సరం తీసేస్తే 1328 రావాలి, లేదంటే 1329 రావాలి. వేరే సంఖ్య వస్తే మీరు ఒక అంకె తప్పు చదివారు, లేదా టంకశాలలో వేర్వేరు ఏడాదుల అచ్చులు జతకలిశాయి, లేదా అది నకిలీ.

ఒక అరిగిన రూపాయిని దగ్గరగా చూద్దాం. హిజ్రీ తేదీలో మొదటి మూడు అంకెలు 133 అని తెలుస్తోంది. చివరి అంకె గీత కనిపిస్తోంది కానీ పైన ఒక వంపు ఉందా, రెండు వంపులున్నాయా చెప్పలేకపోతున్నాం. అంటే అది 1332 కావచ్చు, 1333 కావచ్చు. నాణెం తిప్పి పాలనా సంవత్సరం చూడండి. అక్కడ 3 ఉంటే హిజ్రీ 1331 గానీ 1332 గానీ అయ్యుండాలి, కాబట్టి ఇది 1332. అక్కడ 5 ఉంటే 1333 గానీ 1334 గానీ అయ్యుండాలి, కాబట్టి ఇది 1333. కానీ అక్కడ 4 ఉంటే? 1332, 1333 రెండూ కుదురుతాయి. లెక్క మనల్ని అక్కడ వదిలేస్తుంది. అప్పుడు నాణేన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు పక్క నుంచి పడేట్టు పట్టుకుని, నెమ్మదిగా తిప్పుతూ ఆ రెండో వంపు నీడ కోసం వెతకడమే. అప్పటికీ దొరక్కపోతే కవరు మీద రెండు సంవత్సరాలూ రాసి పక్కన పెట్టాలి. నచ్చిన సంవత్సరం రాసుకుని సంతోషపడటం నాకు ఇష్టం ఉండదు. తెలియని అంకెను తెలియనట్టే ఉంచడం కూడా చదవడంలో భాగమే.

ఈ లెక్క వచ్చాక బ్రిటిష్ ఇండియా రూపాయలు చేతికి తీసుకుంటే, అవి తేదీ విషయంలో ఎంత మొండివో అర్థమవుతుంది. విక్టోరియా బొమ్మతో 1862 అని ఉన్న వెండి రూపాయి మన ఇళ్ళల్లో పెట్టెల అడుగున ఇప్పటికీ దొరుకుతుంది. అది 1862లోనే కొట్టిందని చాలామంది అనుకుంటారు. అదే తేదీతో 1874 దాకా కొడుతూనే ఉన్నారు. తేదీ కదలదు. మరి ఏ ఏడాది కొట్టారో ఎలా తెలుస్తుంది? బొంబాయి టంకశాల తేదీ దగ్గర చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ పోయింది. వాటి సంఖ్యను బట్టి ఏడాదిని లెక్కగడతారు. ఇక్కడ అంకెల్ని ఎంత చూసినా ఒరిగేదేమీ లేదు, అంకెల చుట్టూ చూడాలి. ఆ చుక్క అచ్చులోదైతే నాణెం మీద ఉబ్బెత్తుగా, గుండ్రంగా లేస్తుంది. దెబ్బ తగిలి పడిన చుక్క గుంటగా ఉంటుంది. మురికైతే గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే వదిలిపోతుంది. 1840 అని ఉన్న రూపాయిది మరో తీరు. తేదీ అదే ఉంచి చాలా ఏళ్ళు కొట్టారు. రాణి పేరు తల చుట్టూ ఆగకుండా సాగిందా, తలకు అటొక ముక్క ఇటొక ముక్కగా విడిపోయిందా అన్నదాన్ని బట్టి ముందుదా తర్వాతదా అని చెబుతారు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి. దయచేసి నాణేలను చింతపండుతో తోమకండి. పండగకు ఇత్తడి చెంబులు తోమినట్టు నాణేలను తోమి మెరిపించి, "చూడండి ఎంత బావుందో" అని తెచ్చి చూపిస్తారు. చెంబుకు తేదీ లేదు, నాణేనికి ఉంది. పులుపు లోహం పైపొరను తింటుంది, పీచు గీతలు పెడుతుంది. మొదట పోయేవి సన్నని కొసలే. మూడులో రెండో వంపు, ఆరు తోక, సున్నా చుక్క, ఐన్ కొక్కెం. రకాన్ని చెప్పేవి సరిగ్గా అవే. నల్లబడిన నిజాం రూపాయి నల్లగానే బాగుంటుంది. ఆ నలుపు అంకె అంచుల్లో చేరి దాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది కూడా.

దొంగ అంకెల సంగతి కొంచెం. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 వెండి రూపాయి చాలా అరుదు. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించి, అంచు మీద కొత్త రకం భద్రతా గాడి పెట్టారు. కాబట్టి 1940ల రూపాయిని దిద్ది 1939 అని అమ్మితే అంచు పట్టిచ్చేస్తుంది. కానీ 1938 రూపాయిని దిద్దితే? వెండి పాళ్ళు అవే, అంచు అదే, బరువూ అదే. 8లో కింది భాగం ఎడమవైపు వంపు కాస్త గీకేస్తే 9 అయి కూర్చుంటుంది. తూకం, అంచు, గల్లుమనే చప్పుడు అన్నీ "అసలుదే" అని చెబుతాయి, అబద్ధం ఆడేది అంకె ఒక్కటే. అక్కడ 9ని ఒంటరిగా చూడకండి, అదే తేదీలో ముందే ఉన్న మరో 9తో పోల్చండి. 1939లో తొమ్మిదులు రెండు. ఒకే చేతి వంపు రెండింటికీ ఉందా? కొస ఒకేలా ముగుస్తోందా? రెండో తొమ్మిది పక్కన నేల గీసినట్టు, తక్కిన నేల కంటే పలచగా, మెరుపు వేరుగా ఉందా? పోల్చడానికి సాక్షి ఆ నాణెం మీదే ఉంది.

ఫోన్‌లో ఫొటో తీసి పంపి "ఇది ఏ రకం చెప్పండి" అని అడిగేవాళ్ళకు నేను సమాధానం చెప్పకపోవడానికి కారణం కూడా ఇదే. నిర్లక్ష్యం అనుకోకండి. ఫోన్ కెమెరా దగ్గరికి వెళ్ళేకొద్దీ అంకెల్ని సాగదీస్తుంది, అంచుల్ని తనకు తోచినట్టు పదును పెడుతుంది. పై నుంచి ఫ్లాష్ పడితే నీడ పోతుంది, నీడ పోతే వంపు పోతుంది. నాలుగు మెరుపులు కలిసి లేని జంట గీతను పుట్టిస్తాయి. పదింతలు పెద్దదిగా చూపించే భూతద్దం పెద్ద ఖర్చు కూడా కాదు. పక్క నుంచి వెలుతురు, రకం తెలిసిన ఇంకో నాణెం పక్కన పెట్టుకుంటే చాలు. ఆ రెండో నాణెం చాలా ముఖ్యం. ఒంటరి నాణెం ఎవరికీ ఏమీ చెప్పదు. సేకరించడం మొదలుపెట్టే పిల్లలకు నేను ఖరీదైన ఒక్క నాణెం కంటే, ఒకే రకం మామూలు నాణేలు రెండు మూడు కొనమంటాను. పక్కపక్కన పెట్టుకుంటే కళ్ళు వాటంతటవే నేర్చుకుంటాయి.

పిల్లలంటే గుర్తొచ్చింది. సైఫాబాద్‌లో మింట్ కాంపౌండ్ పక్క నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. 1903లో నిజాం ప్రభుత్వం అక్కడ టంకశాల కట్టింది. 1950లో అది కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్ళింది. 1997లో పని చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022 జూన్ నుంచి మ్యూజియం ఉంది. పబ్లిక్ గార్డెన్స్ లోపలి రాష్ట్ర మ్యూజియంలో పెద్ద నాణేల సంపదే ఉంది. చార్మినార్ రూపాయి పుట్టిన ఊరు, ఆ రూపాయి మీది చార్మినార్, ఆ రూపాయిని కొట్టిన గోడలు, అన్నీ ఒక్క బస్సు ప్రయాణం దూరంలో ఉన్న ఊరు దేశంలో ఇంకెక్కడుంది? అయినా మన పిల్లలకు అమెరికా సెంటులో చిన్న తేదీ తెలుస్తోంది, సగం ఐన్ తెలియడం లేదు. అమెరికా సెంటు గురించి తెలుసుకోవడంలో తప్పేమీ లేదు, నేనూ అక్కడ చాలా నేర్చుకున్నాను. అయితే వాళ్ళు తమ పైసా బిళ్ళను ఎంత శ్రద్ధగా చదువుకున్నారో చూశాక, మన రూపాయి మీద మనకు ఆ శ్రద్ధ లేకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఉర్దూ రాదు కదా అంటారు. పది అంకెలు, రెండు అక్షరాలు చాలు. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. మా మేనల్లుడికి వచ్చాయి. బర్మింగ్‌హామ్ హెచ్ వల్ల వచ్చిన ఉక్రోషంతో మా ఇంటికొచ్చి, నా దగ్గరున్న రెండు 1330 రూపాయలు పక్కపక్కన పెట్టుకుని, టేబుల్ లైటు పక్కకు వంచి చూశాడు. కాసేపు రెండూ ఒకటే అన్నాడు. "దర్వాజ చూడు" అన్నాను. చూసి, "మామా, దీంట్ల అక్షరం కింద తోక ఉంది, దాంట్ల లేదు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ధర అడిగాడు, అడగొచ్చు. ఏ నాణెం ధర అడుగుతున్నాడో అప్పుడు అతనికి తెలుసు.

అందుకే నా కోరిక ఒకటే. నాణేలు చూపించే చోటల్లా, మ్యూజియం కావచ్చు, బడిలో ఎగ్జిబిషన్ కావచ్చు, సేకర్తల మేళా కావచ్చు, ఒక్కో నాణెం కింద రాజు పేరు, లోహం, సంవత్సరం రాసి వదిలేయకుండా, రెండు నాణేల ఫొటోలు అరచేతి అంత పెద్దవి చేసి పక్కపక్కన పెట్టండి. ఒక బాణం గుర్తు గుమ్మం వైపు, ఒకటి చివరి అంకె వైపు. కింద తెలుగులో, ఉర్దూలో రెండు వాక్యాలు. మీమ్ ఉన్న 1329, ఐన్ ఉన్న 1329. సగం ఐన్‌తో 1330, పూర్తి ఐన్‌తో 1330. ఈ నాలుగు ఫొటోలతో మొదలుపెట్టినా చాలు. ఎవరైనా చేస్తామంటే నా దగ్గరున్న నాణేలు ఫొటోలకు ఇస్తాను, తోడుగా కూర్చుని అంకెలు సరిచూస్తాను.